మూతపడిన గ్రానైట్ క్వారీలో అడవి మళ్లీ వస్తుందా?

పలమనేరు నుంచి:
మా ఊరి గుట్ట మీద గ్రానైట్ క్వారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. గుంతలో వాననీళ్లు నిలిచాయి, అంచుల్లో తంగేడు, మోదుగ వాటంతట అవే లేచాయి, పోయిన చలికాలం నీటికోళ్లు కూడా కనబడినాయి. ఆ ఆశతోనే కుర్రోళ్లమంతా చేరి కానుగ, వేప కలిపి మూడొందల మొక్కలు నాటితే ఎండాకాలం దాటి బతికింది పదో పన్నెండో. గడ్డపార దిగదు, అంతా రాతిముక్కలే. చాలా బాధగా ఉంది. ఇట్లాంటి చోట అడవి నిజంగా లేస్తుందా, ఎక్కడైనా లేచిందా?

తిరుపతి నుంచి:
లేచింది తమ్ముడూ. గుర్గావ్‌లో ఆరావళి బయోడైవర్సిటీ పార్కు ఉండే దాదాపు 380 ఎకరాలు ఒకప్పుడు రాయి కోసం తవ్వి పారేసిన కొండలే. 2010 తర్వాత ఊరి జనమే పూనుకుని, నర్సరీలో ఏది దొరికితే అది కాకుండా ఆరావళిలో మిగిలిన అడవుల నుంచి విత్తనాలు ఏరి తెచ్చి మొలకెత్తించారు. వాళ్లు పెంచిన ధౌ చెట్టు మన శేషాచలం చిరుమానుకు దగ్గరి చుట్టం. 2022లో, అభయారణ్యం కాకపోయినా జీవజాతులను కాపాడుతున్న చోటుగా దానికి దేశంలోనే మొదటి గుర్తింపు వచ్చింది. మీరూ మీ చుట్టుపక్కల గుట్టల విత్తనమే వాడండి. చిరుమాను విత్తనాల్లో ఎక్కువ తాలే ఉంటుంది కాబట్టి బాగా ఏరాలి, రిజర్వు అడవిలోకైతే ఫారెస్టు వాళ్లను అడిగే వెళ్లండి.

చిత్తూరు నుంచి:
మీ మొక్కల తప్పు కాదు, మీ తప్పూ కాదు. క్వారీ వాళ్లు ముందు గీకేసేది పైమట్టినే, అది పోతే తేమ నిలవదు, వేరుకు సాయం చేసే సూక్ష్మజీవులూ ఉండవు. కాబట్టి గుంతలు తవ్వకుండా, రాళ్ల సందుల్లో చెరువు మట్టి, రాలిన ఆకు నింపండి. ముందు గడ్డిని, తంగేడును పట్టనివ్వండి, వాటి నీడలో రేల, మోదుగ వేయండి. మన జిల్లాకు అక్టోబరు, నవంబరు వానలు ముఖ్యం, అప్పటికి నాటే పని అయిపోవాలి. మేకల కాపర్లతో కూర్చుని మాట్లాడండి, కంచె కంటే అదే నిలుస్తుంది.

కుప్పం నుంచి:
ఒక్క మాట అన్నా, మొక్కల కంటే ముందు ఆ గుంత సంగతి చూడండి. కౌండిన్య అభయారణ్యం మీకు దగ్గరే, ఏనుగులు నీళ్ల కోసం వస్తాయి. గ్రానైట్ గుంత గోడలు నిట్టనిలువుగా ఉంటాయి, దిగిన జంతువు ఎక్కలేదు, ఈతకెళ్లిన పిల్లలకూ అంతే. ఒకవైపు రాతి చెత్త పోసి వాలుగా దారి చేయించండి, మిగిలిన మూడు వైపులా ముళ్లకంప వేయండి.

పలమనేరు నుంచి:
ఏనుగుల మాట మాకు తట్టనేలేదు. పంచాయతీలో రేపే అడుగుతా, జేసీబీ దొరికితే ముందు ఆ వాలు పనే. మోదుగ కాయలు ఎండాకాలంలో ఏరి పెడతాం.