సైలీషియా యువత రెండు కోరికలను ఒకే జెండా కింద మోయాలా?

భాషాప్రియ:
పోలండ్ దక్షిణాన ఉన్న ఎగువ సైలీషియాలో స్వయంప్రతిపత్తి కోరేవారు 2007 నుంచి జూలై నెలలో పసుపు, నీలి జెండాలతో కటోవిత్సె నగరంలో యాత్ర చేస్తున్నారు. వారిలోని యువత అడిగేవి రెండు: సైలీషియన్‌కు ప్రాంతీయ భాషగా చట్టబద్ధమైన గుర్తింపు, ఒకప్పుడు ఉండి తర్వాత రద్దయిన స్వయంపాలన. ఈ రెండింటినీ విడదీయాలని నా అభిప్రాయం. స్వయంప్రతిపత్తి అనగానే సరిహద్దుల భయం లేస్తుంది. 2011లో పోలండ్‌లోని జాతీయవాద పార్టీ అయిన లా అండ్ జస్టిస్ తన నివేదికలో సైలీషియన్ అస్తిత్వాన్ని ముసుగు వేసుకున్న జర్మన్ పక్షపాతంగా చిత్రించింది. బడిలో పిల్లలకు భాష నేర్పమని అడిగేవారు ఆ నింద ఎందుకు మోయాలి?

నదీతీరం:
భాషాప్రియ గారూ, విడదీసి అడిగిన అనుభవం కూడా ఉంది కదా. 2024 ఏప్రిల్ 26న పార్లమెంటు దిగువ సభ ఆమోదించిన బిల్లులో స్వయంపాలన ఊసే లేదు. కోరుకున్నవారికి బడిలో భాషాబోధన, ఊరి పేర్లకు రెండు భాషల బోర్డులు, భాషా పరిరక్షణకు ప్రభుత్వ సహాయం వంటివే ఉన్నాయి. అయినా మే 29న అప్పటి అధ్యక్షుడు దూదా దానిని వీటో చేశారు. సైలీషియన్ పోలిష్‌కు మాండలికమన్న పండితుల వాదాన్ని ఆయన కారణంగా చూపారు, దానికి తోడు తూర్పు సరిహద్దుకు ఆవల సాగుతున్న యుద్ధాన్ని కూడా ప్రస్తావించారు. ఊరి బోర్డుకూ యుద్ధానికీ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఇక స్వయంపాలన వేర్పాటువాదమనడం చరిత్రకు విరుద్ధం. ఆ ప్రాంతం జర్మనీలో ఉండాలా, పోలండ్‌లో చేరాలా అన్నదానిపై 1921 మార్చిలో ప్రజాభిప్రాయ సేకరణ జరగబోతుండగా, సైలీషియన్ల ఓట్లు జర్మనీ వైపు పోకుండా చూసుకునేందుకు పోలండ్ 1920 జూలై 15న తానుగా చేసిన చట్టమది. దాని కింద కటోవిత్సెలో సొంత శాసనసభ, సొంత ఖజానా పనిచేశాయి. 1945 మేలో దానిని రద్దు చేసిందీ పోలండ్ ప్రభుత్వమే. ఇచ్చి లాక్కున్నదాన్ని తిరిగి అడిగితే ద్రోహమెలా అవుతుంది?

లెక్కలవాడు:
చరిత్ర సరే, అంకెలు చూడండి. తాము సైలీషియన్లమని చెప్పుకున్నవారు 2011 జనగణనలో సుమారు 8.47 లక్షలు, 2021లో 5.96 లక్షలు. ఇంట్లో ఆ భాష వాడేవారి సంఖ్య కూడా తగ్గింది. 2009లో చెషిన్ పట్టణంలో సైలీషియన్‌కు కుదిరిన వర్ణక్రమంలో రాయడానికీ, పుస్తకాలు వేయడానికీ ఏ అధ్యక్షుడి సంతకమూ అక్కర్లేదు. యువత యాత్రకు పెట్టే శ్రమలో సగమైనా ముందు అక్కడ పెట్టాలి.

భాషాప్రియ:
నదీతీరం గారి మాటతో నా వాదం కొంత సడలింది; అడ్డుపడుతున్నది స్వయంపాలన అన్న మాట కాకపోవచ్చు, "జాతి" అన్న మాట కావచ్చు. సైలీషియన్ జాతి ప్రజల సంఘాన్ని నమోదు చేయడానికి పోలండ్ నిరాకరించింది. పార్లమెంటులో సీట్లకు కనీసం 5 శాతం ఓట్లు రావాలన్న నిబంధన నుంచి అల్పసంఖ్యాక జాతుల అభ్యర్థుల జాబితాలకు మినహాయింపు ఉన్నందున, ఆ పేరు ఆ మినహాయింపుకు దారి తీస్తుందన్న వాదనతో ఏకీభవించి 2004లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా పోలండ్ వైపే తీర్పు చెప్పింది. ఆ మరుసటి ఏడు వచ్చిన చట్టంలో ప్రాంతీయ భాషగా గుర్తింపు పొందినది ఉత్తర పోలండ్‌లో మాట్లాడే కషూబియన్ ఒక్కటే. కషూబియన్లలో అత్యధికులు తాము పోలిష్ జాతీయులమని కూడా చెప్పుకుంటారు. సైలీషియా యువతను కూడా భాష కోసం అలాగే చెప్పుకోమని సలహా ఇవ్వవచ్చు గానీ, ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రావడం లేదు.