చలికాలంలో మీటరు 200 యూనిట్లు దాటకుండా ఏం చేయాలి?

ప్రశ్న:
మాది ఆదిలాబాద్. ఇంట్లో నలుగురం ఉంటాం. ఏసీ ఆపేసి, కూలరు మూలన పెట్టినా, డిసెంబరు, జనవరి నెలల్లో మా వాడకం 200 యూనిట్లు దాటుతోంది. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇల్లు కాబట్టి, ఆ హద్దు దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టవలసి వస్తోంది. తెల్లవారుజామునే స్నానం చేసే అత్తగారికి వేడినీళ్లు తప్పవు. గీజరు మానేసి హీటరు రాడ్డు వాడితే కరెంటు కలిసివస్తుందని అంటున్నారు. నిజమేనా?

జవాబు 1:
రాడ్డుతో కాచినా, గీజరుతో కాచినా నీళ్లు వేడెక్కడానికి పట్టే కరెంటు దాదాపు ఒకటేనండీ. నాలుగు బకెట్లు, అంటే సుమారు 60 లీటర్ల నీళ్లను 18 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి రోజుకు ఒకటిన్నర యూనిట్లు, నెలకు 46 యూనిట్లు అవుతాయి. గీజరులో బాగా మరగనిచ్చి చన్నీళ్లు కలుపుకున్నా లెక్క పెద్దగా మారదు. నష్టమంతా స్విచ్చి ఆపకుండా వదిలేయడంలో ఉంది: ట్యాంకు చల్లారిన ప్రతిసారీ థర్మోస్టాట్ మళ్లీ కాయిల్‌ను వెలిగిస్తూనే ఉంటుంది. అందుకని నలుగురూ వెంటవెంటనే స్నానాలు ముగించి స్విచ్చి ఆపేయండి. పెద్దవారున్న ఇంట్లో రాడ్డు నేను వద్దనే అంటాను. ప్లగ్గు తీయకుండా నీళ్లు వేడెక్కాయా అని చేయి పెట్టి చూడటం ప్రాణాంతకం.

జవాబు 2:
మీది బోరు నీళ్లయితే ఇంకో మార్గముంది. మిద్దె మీది ట్యాంకులో రాత్రంతా నిలిచిన నీళ్లు తెల్లారేసరికి జిల్లుమంటాయి గానీ, భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లు చలికాలంలోనూ 25 డిగ్రీలకు అటూ ఇటూగా, చేతికి గోరువెచ్చగా తగులుతాయి. మోటారు సాయంత్రం కాకుండా స్నానాల ముందు వేసి, వీలైతే ట్యాంకులో కలవకముందే బకెట్లలో పట్టుకోండి. పై లెక్కలో 18 బదులు 25 వేసి చూస్తే నెలకు 31 యూనిట్లే వస్తాయి. మోటారు ఎప్పుడు వేసినా కాలే కరెంటు ఒకటే కదా.

జవాబు 3:
ఏసీ ఆపేశామన్నారు, దాని స్టెబిలైజరు లైటు ఇంకా వెలుగుతోందేమో చూడండి. ఫ్రిజ్‌లో నాబ్ ఎండాకాలపు అంకె మీదే ఉంటే తగ్గించండి.
గృహజ్యోతి లేని వారికీ ఈ హద్దు ముఖ్యమే. 2022లో నిర్ణయించిన ధరల ప్రకారం 200 యూనిట్లకు వాడిన కరెంటు చార్జీ (ఎనర్జీ చార్జీ) 820 రూపాయలు; ఒక్క యూనిట్ పెరిగితే మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసల రేటు, 200 దాటిన ఆ యూనిట్‌కు అంతకన్నా ఎక్కువ రేటు పడి 1,027 రూపాయలు దాటుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మాది బోరే. ఉప్పునీళ్లు కావడంతో గీజరులో తెల్లటి పొర కడుతోంది. దానివల్ల కూడా కరెంటు ఎక్కువ కాలుతుందా?

జవాబు 1:
కాయిల్ నీళ్లలోనే మునిగి ఉంటుంది కాబట్టి వేడి చివరికి నీళ్లకే చేరుతుంది. కరెంటు చెప్పుకోదగినంత పెరగదు. కాకపోతే పొర మందమైన కొద్దీ కాయిల్ లోలోపల కాగి త్వరగా పోతుంది. చలి ముదరకముందే, దసరా దాటగానే మెకానిక్‌తో విప్పించి కడిగించండి. అప్పుడే ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోయిందేమో కూడా చూడమనండి.