40, 30, 20 కలిపితే 90 కదా, పీపీవోలో 50 ఎలా వేశారు?

మార్కాపురం_నాయక్:
జై హింద్. పొద్దుటి నుంచీ పెన్షన్ సైటు ముందే కూర్చున్నా, తల పగిలిపోతోంది. నాకు వైకల్యం నడుముకి 40 శాతం, బీపీకి 30, చెవికి 20. మొత్తం 90. అంటే 100 రావాలి. పీపీవోలో (పెన్షన్ ఆర్డరు) చూస్తే 50 వేసి ఉంది. నన్ను మెడికల్‌గానే బయటికి పంపారు. వచ్చాక బ్యాంకు గార్డుగా చేరాను, నా వల్ల కాలేదు. గన్ భుజాన వేసుకుని గంటసేపు నిలబడితే ఎడమ కాలు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలియదు. ఉద్యోగం చేయలేని మాజీ సైనికుడికి 70 శాతం ఉన్నా 100 శాతం లెక్కన ఇస్తారని ఒక వీడియోలో చెప్పారు. ఆ ఆప్షన్ ఎక్కడుందో ఎంత వెతికినా కనపడట్లేదు. ఎవరైనా అప్లై చేసినవాళ్ళుంటే దయచేసి చెప్పండి.

సిగ్నల్స్_హవల్దార్:
మూడింటిలో నానా ఏవి?

మార్కాపురం_నాయక్:
పర్సెంటేజీలు రాశాను కదా సార్.

సిగ్నల్స్_హవల్దార్:
పర్సెంటేజీ కాదు నేనడిగింది. సర్వీసు వల్ల వచ్చిందో (ఎట్రిబ్యూటబుల్), సర్వీసులో ముదిరిందో (ఎగ్రవేటెడ్), ఏదీ కాదో (నానా) రిలీజ్ మెడికల్ బోర్డు కాగితంలో ఒక్కోదానికీ విడిగా రాస్తారు. అది పెట్టు.

డాలస్_తెలుగు:
అన్నా, మీరు చూసిన వీడియో మా అమెరికాది. ఇక్కడి వెటరన్స్ వాళ్ళ పథకం అది. మా బావమరిది ఇక్కడి ఆర్మీలో చేసి వచ్చాడు, వాడి కాగితాలన్నీ నేనే నింపాను కాబట్టి తెలుసు. ఒకే వైకల్యం 60 శాతం ఉండాలి, లేదంటే అన్నీ కలిపి 70 ఉండి అందులో ఒకటైనా 40 ఉండాలి. ఆ వైకల్యం వల్లనే నిలకడగా ఉద్యోగం చేయలేకపోతున్నాడని చూపించాలి. దానికి 8940 అని ఒక ఫారం, పాత యజమానులకు ఇంకో ఫారం. ఒప్పుకుంటే రేటింగ్ 70లోనే ఉంటుంది, డబ్బు మాత్రం 100 లెక్కన వస్తుంది. కూడిక విషయానికొస్తే ఇక్కడా మామూలు కూడిక కాదు. 50, 30 ఉంటే 80 అనరు. ముందు 50 తీసేసి, మిగిలిన 50లో 30 శాతం, అంటే 15 కలుపుతారు. 65 వస్తుంది, దాన్ని 70 చేస్తారు. మా వాడు మొదట్లో మీలాగే కూడుకుని గొడవపడ్డాడు.

మార్కాపురం_నాయక్:
అంటే మన దగ్గర లేదా అది?

మాధవరం_సుబేదార్:
లేదు నాయనా. మన దగ్గర ఉద్యోగం చేయగలవా లేదా అని ఎవరూ అడగరు. గార్డు పని చేసినా, ఇంట్లో కూర్చున్నా బోర్డు వేసిన శాతమే. 100 శాతం ఉండి, మనిషి తోడు లేకుండా గడవదని బోర్డు రాస్తే సహాయకుడి అలవెన్సు ఇస్తారు, అది వేరే సంగతి. ఇంతకీ బయటికి ఎలా వచ్చావు? డిశ్చార్జ్ బుక్‌లో కారణం ఏమని ఉంది?

విశాఖ_నేవీ:
ఇక్కడ ఎవరూ మాట్లాడని ముఖ్యమైన విషయం ఇన్‌కమ్ ట్యాక్స్. 2019 జూన్‌లో సీబీడీటీ (ట్యాక్స్ బోర్డు) సర్క్యులర్ ఇచ్చింది. వైకల్యం వల్ల సర్వీసు నుంచి తీసేసినవాళ్ళకే మినహాయింపు, టైము పూర్తిచేసి రిటైరైనవాళ్ళకు లేదు అని. దానిమీద కోర్టుకు వెళ్ళారు. శాతం పెంచుకోవడానికి ముందు మీ పెన్షన్‌లో టీడీఎస్ కట్ అవుతోందా లేదా చూసుకోండి. ఫారం 16 ప్రతి ఏడాదీ డౌన్‌లోడ్ చేసి దాచుకోవాలి. మనవాళ్ళు రమ్ము కోటా మీద పెట్టే శ్రద్ధ ఫారం 16 మీద పెట్టరు.

సిగ్నల్స్_హవల్దార్:
ఆయన అడిగింది ట్యాక్స్ కాదు.

విశాఖ_నేవీ:
అడక్కపోయినా తెలుసుకోవాల్సిందే. రేపు నోటీసు వస్తే మీరొచ్చి కడతారా?

మార్కాపురం_నాయక్:
సుబేదార్ సాబ్, బుక్‌లో టర్మ్స్ పూర్తయ్యాయి అనే ఉంది. 22 ఏళ్ళు అయ్యాక రెండేళ్ళ ఎక్స్‌టెన్షన్ అడిగాను, లో మెడికల్ అని ఇవ్వలేదు. 2018లో వచ్చేశాను. మెడికల్‌గా పంపినట్టే కదా.

మాధవరం_సుబేదార్:
కాదు. ఎక్స్‌టెన్షన్ రాకపోవడం వేరు, బోర్డ్ అవుట్ (జబ్బు వల్ల సర్వీసు నుంచి తీసేయడం) వేరు. నిన్ను ఇన్వాలిడేటింగ్ బోర్డుకి పంపలేదు, రిలీజ్ బోర్డు చేసి పంపారు.

సికింద్రాబాద్_ఈఎంఈ:
సాబ్, ఒప్పుకోను. షెల్టర్డ్ అపాయింట్‌మెంట్ (ఆ జబ్బుతో చేయగల తేలిక డ్యూటీ) లేదని టైముకి ముందే ఇంటికి పంపితే అది ఇన్వాలిడ్‌మెంట్ కిందికే వస్తుంది.

మాధవరం_సుబేదార్:
టైముకి ముందే అని మీరే అన్నారు. ఈయన టైము అయిపోయింది.

సికింద్రాబాద్_ఈఎంఈ:
ఎక్స్‌టెన్షన్ కూడా టైమేగా. నాతోపాటు స్క్రీనింగ్‌కి వెళ్ళిన షేప్ వన్ (పూర్తి మెడికల్ ఫిట్) వాళ్ళందరికీ వచ్చింది.

సిగ్నల్స్_హవల్దార్:
ఇద్దరూ ఆపండి. శాతం పెంచే విషయంలో ఆ తేడా ఇప్పుడు లేదు. 2001 రక్షణ శాఖ లెటర్‌లో రౌండింగ్ (శాతాన్ని పై మెట్టుకి పెంచడం) బోర్డ్ అవుట్ వాళ్ళకే ఉండేది. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీం కోర్టు టైము పూర్తిచేసినవాళ్ళకూ ఇవ్వాలంది. నాయక్ గారూ, నానా ఏదో ఇప్పటికైనా చెప్తారా?

మార్కాపురం_నాయక్:
పెట్టె కిందినుంచి ఇప్పుడే తీశాను. నడుము ఎగ్రవేటెడ్. చెవి ఎట్రిబ్యూటబుల్, ఆర్టిలరీ కదా. బీపీ దగ్గర నో, నో. కాంపోజిట్ (మూడూ కలిపి) 70. దాని కింద నెట్ అసెస్‌మెంట్ 50 ఫర్ లైఫ్ అని ఉంది.

సిగ్నల్స్_హవల్దార్:
ఈ ముక్క మొదటి పోస్టులో రాసి ఉంటే సరిపోయేది. బీపీ నానా కాబట్టి వదిలేసి నడుము, చెవి మాత్రం కలిపి 50 అన్నారు. రౌండింగ్ ఇలా: 50కి తక్కువుంటే 50, 50 నుంచి 75 దాకా 75, 76 నుంచి 100 దాకా 100. నీ నెట్టే 50. అంటే 75 బ్యాండ్‌లో పడతావు. పీపీవోలో ఉన్న 50 రౌండింగ్ చేయని 50. 2018 డిశ్చార్జ్‌కి అలా ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు, కానీ అది అడగాల్సిందే.

మార్కాపురం_నాయక్:
మరి బీపీ కూడా పట్టుకుంటే 100 రాదా? లేహ్‌లో ఉన్నప్పుడే మొదలైంది సార్.

మాధవరం_సుబేదార్:
లేహ్ పోస్టింగ్ ఉంటే కేసు ఉంది. ధరమ్‌వీర్ సింగ్ తీర్పు 2013ది చదువు. భర్తీ అప్పుడు ఆ జబ్బు రాసి లేకపోతే సర్వీసు వల్లనే వచ్చిందని అనుకోవాలి, కాదని నిరూపించే బాధ్యత వాళ్ళది. నేను ముగ్గురికి అప్పీలు రాసిపెట్టాను.

సిగ్నల్స్_హవల్దార్:
సాబ్, బీపీ ఒప్పుకున్నా కాంపోజిట్ 70. 70 కూడా 75 బ్యాండే. పైసా మారదు. కొత్త బోర్డు పెట్టించుకుని 76 దాటితే తప్ప 100 రాదు. ఏళ్ళ తరబడి బీపీ కోసం కొట్లాడటం దండగ.

సికింద్రాబాద్_ఈఎంఈ:
లెక్క వేసి చూపించండి, ఆయనకు అర్థమవుతుంది.

సిగ్నల్స్_హవల్దార్:
100 శాతానికి చివరి జీతంలో 30 శాతం. పే, ఎంఎస్‌పీ (మిలిటరీ సర్వీస్ పే), అన్నీ కలిపి 48,000 అనుకుందాం. 100కి 14,400. 75కి 10,800. 50కి 7,200. నెలకి 3,600 తేడా, పైన డీఆర్ (కరువు భృతి). ముందు రికార్డ్స్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ, బోర్డు కాపీ జతచేసి. స్పర్శ్ పెన్షన్ సైటులో అదే గ్రీవెన్స్ వేసి నంబరు రాసిపెట్టుకో. కాదంటే ఏఎఫ్‌టీ (సైనిక ట్రిబ్యునల్). ఆంధ్రాకి చెన్నై బెంచ్. ఆలస్యమైందని భయపడకు, పెన్షన్ ప్రతి నెలా పుట్టే హక్కు. కాకపోతే బకాయిలు మామూలుగా వెనక్కి మూడేళ్ళ వరకే ఇస్తారు, తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం. అందుకే నాన్చకు.

విశాఖ_నేవీ:
బకాయిలు ఒకేసారి వస్తే ట్యాక్స్ రిలీఫ్‌కి 10ఈ ఫారం వేయాలి. అదీ ఎవరూ చెప్పరు.

డాలస్_తెలుగు:
ఇక్కడ అప్పీలుకి ఏడాది గడువు, వకీలు ఫీజు సాధారణంగా బకాయిల్లో 20 శాతం. అక్కడ ఎంత తీసుకుంటారు?

మాధవరం_సుబేదార్:
మనిషిని బట్టి. శాతం అడిగేవాడి దగ్గరికి వెళ్ళొద్దు. జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో అర్జీ నమూనా అడుగు ముందు. బీపీ సంగతి మాత్రం వదలకు, అది డబ్బు విషయం కాదు, రికార్డు విషయం.

సిగ్నల్స్_హవల్దార్:
సాబ్ మొదలుపెట్టారు మళ్ళీ.

మార్కాపురం_నాయక్:
సరే సార్, థాంక్స్. సోమవారం పోస్టాఫీసుకి వెళ్తా.

రాయచోటి_గన్నర్:
సార్ నాకు మోకాలు, బోర్డు 15 నుంచి 19 అని వేసింది, టైము పూర్తిచేసి వచ్చాను. నాకూ 50 వస్తుందా?

సిగ్నల్స్_హవల్దార్:
20కి తక్కువైతే టైము పూర్తిచేసినవాళ్ళకి వైకల్య ఎలిమెంటే (పెన్షన్‌లో వైకల్యం భాగం) లేదు. బోర్డ్ అవుట్ అయితే సుఖ్‌విందర్ సింగ్ తీర్పు ఉంది. వేరే పోస్టు పెట్టు, ఇందులో కలపకు.