“సరియైన గుండు” అంటే ఏ గుండు? (సామెతలు 11:1)

అందరికీ వందనాలు. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు కాబట్టి తేదీని బట్టి రోజుకొకటి చదవడం మా ఇంట్లో అలవాటు. మొన్న 11వ తేదీ ఆదివారం వచ్చింది, సండే స్కూల్‌లో కూడా అదే అధ్యాయం చదివించిన. “దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము” అనగానే పిల్లలు ఒకరి తల ఒకరు తడిమి నవ్విండ్రు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు చూసిందంతా ఎలక్ట్రానిక్ కాంటానే.

ఇక్కడ గుండు అంటే తూకం రాయి. హీబ్రూలో ఉన్న మాట “ఏబెన్”, అంటే అచ్చంగా రాయే. ఆ కాలంలో రాళ్లతోనే తూచేవాళ్లు. ఇనుముతో చేసినా మనం ఇప్పటికీ “కిలో రాయి” అనే అంటం కదా. “సరియైన” అన్న చోట హీబ్రూలో “షెలేమా” ఉంది. షాలోం, అంటే సమాధానం అనే మాట, పుట్టిన ధాతువే దీనిదీ. నిండైనది, లోటు లేనిది అని అర్థం. నాకైతే “నిండు రాయి” అనాలనిపిస్తుంది.

ఎందుకంటే మాది వరంగల్‌లో చిన్న కిరాణం. బాపు వాడిన ఇనుప రాళ్లు ఇంకా ఉన్నయి. ఒక్కోదాని అడుగున గుంటలో సీసం పోసి, దాని మీద ముద్ర కొట్టి ఉంటది. అరకిలో రాయికి ఆ సీసం ఊడిపోయింది. పై నుంచి చూస్తే ఏ తేడా తెల్వదు, బోర్లిస్తేనే గుంట కనబడుతది.

— అన్నా, దొంగత్రాసు అంటే దొంగిలించిన త్రాసు అనుకున్న ఇన్నేండ్లు!

కాదు తమ్మీ. దొంగ నిద్ర, దొంగ ఏడుపు, దొంగ లెక్క అంటం చూడు, ఆ దొంగ. హీబ్రూలో “మోసపు త్రాసు” అనే ఉంది. అనువాదకులు మంచి తెలుగు పట్టుకున్నరు.

— సార్, ఇంత పాత మాటలుంటే కొత్తగా చదివేవాళ్లు రెండో రోజే మానేస్తారు. “తూకం” అని మారిస్తే సరిపోదా?

పిల్లలకు చెప్పేటప్పుడు అట్లనే చెప్తున్న మేడం. కానీ 20:10 చూడండి: “వేరువేరు తూనిక రాళ్లు వేరువేరు కుంచములు”. హీబ్రూలో “రాయీ రాయీ, ఏఫా ఏఫా” అని మాటను రెండుసార్లు అంటరు. “వేరువేరు” అన్నప్పుడు ఆ జంట మన చెవికి కూడా వినబడుతది. ఏఫా అంటే వాళ్లు ధాన్యం కొలిచే కొలత, దానికి బదులు మన కుంచం పెట్టిండ్రు. కొనేటప్పుడు పెద్ద రాయి, అమ్మేటప్పుడు చిన్న రాయి, రెండూ ఒకే సంచిలో! ద్వితీయోపదేశకాండము 25:13 ఆ సంచి సంగతే చెప్తది. “తూకం” అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆ రెండో రాయి కనబడదు.

— మాది నర్సంపేట దిక్కు. మక్కలు కాంటా పెట్టిన ప్రతిసారి తరుగు పేరు మీద తీస్తుంటే ఈ వాక్యమే యాదికొస్తది. కానీ తమ్ముడూ, నిన్న మళ్లీ చదివితే ఇంకోటి తగిలింది. బిడ్డ పొద్దెక్కి లేస్తే “అలిసిపోయింది” అంట, కోడలు లేస్తే “సోమరిది” అంట. నా దగ్గర కూడా రెండు రాళ్లున్నయి.

అక్కా, మీ మాట చదివి చాలాసేపు అట్లనే కూర్చున్న. నాది కూడా చెప్తా. బెల్లం తూచేటప్పుడు మందం అట్ట పెట్టి, కాంటాను సున్నాకు తేకుండనే తూచేవాణ్ని. అట్ట బరువు ఇరవై గ్రాములు. పొద్దున షటర్ ఎత్తకముందు ఈ అధ్యాయం ఎన్నిసార్లు చదివిన్నో లెక్క లేదు, అయినా గుండు అంటే ఏందో ఆగి వెతికిన రోజునే ఆ అట్ట కండ్లవడ్డది. ఇప్పుడు ముందు అట్ట పెట్టి, సున్నా నొక్కి, ఆ తర్వాతే బెల్లం పెడుతున్న.

వచ్చే ఆదివారం ఆ సీసం ఊడిన అరకిలో రాయిని సండే స్కూల్‌కు పట్టుకపోత. పిల్లలు గుంటలో వేలు పెట్టి చూడాలె.