4 ఎంబీ ఫ్లాష్‌లో ఫ్యాక్టరీ పార్టిషన్ ఉంచాలా, తీసేయాలా?

బోరుబావి:
వ్యవసాయ మోటారు స్టార్టర్‌కి ఈఎస్‌పీ32 వైఫై చిప్‌తో కంట్రోలర్ చేస్తున్నాను. ప్రోగ్రామ్ దాచుకునే ఫ్లాష్ 4 ఎంబీ. వైఫై, టీఎల్ఎస్ (సర్వర్‌తో భద్రంగా మాట్లాడే పద్ధతి) కలిసేసరికి ఫర్మ్‌వేర్, అంటే చిప్‌లో నడిచే ప్రోగ్రామ్, 1.1 ఎంబీ దాటింది. ఫ్లాష్‌లో దేనికెంత చోటో (పార్టిషన్) చెప్పేది టేబుల్. ఐడీఎఫ్ అనే ఈఎస్‌పీ32 డెవలప్‌మెంట్ కిట్‌తో రెడీగా వచ్చే టేబుల్‌లో ఫ్యాక్టరీకీ (మొదట ఎక్కించిన ప్రోగ్రామ్ ఉండే చోటు), రెండు ఓటీఏ స్లాట్లకూ (నెట్‌లో వచ్చే అప్‌డేట్లు దిగే చోట్లు) తలా 1 ఎంబీయే, అందులో పట్టదు. ఫ్యాక్టరీ తీసేయొచ్చా? పొలంలో బిగించాక మళ్లీ విప్పడం కుదరదు, అదే టెన్షన్.

నీలిదీపం:
తీయకండి. ఏ స్లాట్ నడపాలో రాసి ఉండే ఓటీఏడేటా చెరిగిపోతే, చిప్ ఆన్ కాగానే ప్రోగ్రామ్‌ను లేపే బూట్‌లోడర్ వెళ్లేది ఫ్యాక్టరీకే. రెండు స్లాట్లూ పాడైతే అదే దిక్కు. బూట్‌లోడర్, టేబుల్ లాంటివాటికి మొదటి 64 కేబీ పోగా మిగిలిన 4032 కేబీని మూడుగా పంచితే ఒక్కోటి 1344 కేబీ. మీది పడుతుంది.

తీగలపంట:
ఇవాళ్టికి పడుతుంది. లాగ్‌కి (జరిగినవి రాసుకునే రికార్డు) మాత్రం ఒక్క సెక్టార్ (ఫ్లాష్‌లో ఒకేసారి చెరిపే ముక్క) మిగలదు. పైగా ఫ్యాక్టరీలో ఉండేది అమ్మిన రోజు రాసిన కోడ్. మూడేళ్లకు సర్వర్ సర్టిఫికెట్ మారితే ఆ కోడ్ లేచినా సర్వర్‌తో మాట్లాడలేదు. ఓటీఏడేటాకి 8 కేబీ ఇచ్చింది కూడా ఊరికే కాదు. అవి రెండు సెక్టార్లు, ఒకటి రాస్తుండగా కరెంటు పోయినా రెండోది ఉంటుంది.

నేనైతే 1536 కేబీ చొప్పున రెండు స్లాట్లు పెట్టి, రోల్‌బ్యాక్ ఆన్ చేస్తాను. కొత్త ఇమేజ్, అంటే దించుకున్న కొత్త ఫర్మ్‌వేర్, సర్వర్‌ను అందుకున్నాకే తాను బాగున్నట్టు గుర్తు పెట్టాలి. ఈలోపు రీసెట్ అయితే బూట్‌లోడర్ పాతదాన్నే లేపుతుంది.

నీలిదీపం:
మన పల్లెల్లో ఆ కాసేపట్లో కరెంటు పోతే మంచి ఇమేజ్ కూడా వెనక్కి పోతుంది కదండీ.

తీగలపంట:
పోనీయండి, మళ్లీ దించుకుంటుంది. బోర్డు బతికుంటే చాలు. నా అసలు భయం టేబుల్ గురించి. మా పాత బ్యాచ్‌లో ఎన్‌వీఎస్‌కి (సెట్టింగులు దాచే చోటు) 16 కేబీ చాలక, ఫీల్డ్‌లో ఉండగానే టేబుల్ మార్చాం. ఫ్లాష్‌లో 32 కేబీ దగ్గర టేబుల్ ఉండే సెక్టార్‌ను చెరిపి, తిరిగి రాసేలోపే ఒక తోటలో కరెంటు పోయింది. నేనే వెళ్లి, డబ్బా విప్పి, సీరియల్ కేబుల్‌తో ఎక్కించాల్సి వచ్చింది. అందుకే బోరుబావి గారూ, మిగిలిన 960 కేబీలో ఎన్‌వీఎస్‌కి 64 కేబీ ఇవ్వండి. ఇప్పుడు అక్కర్లేని చోటుకి కూడా ఏదో పేరు పెట్టి ఇవాళే టేబుల్‌లో రాసేయండి.

చిట్టెలుక:
లాగ్ సంగతి కూడా చూడండి. ఈ చిప్‌లలో ఒక సెక్టార్ మామూలుగా లక్షసార్లు చెరపడానికే. ఒకే సెక్టార్‌ను నిమిషానికోసారి చెరిపి రాస్తే 70 రోజుల్లో ఆ లక్ష అయిపోతుంది. లిటిల్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడండి. రాతను వేర్వేరు చోట్లకు పంచుతుంది, మధ్యలో కరెంటు పోయినా తట్టుకునేలా కట్టినది.

నీలిదీపం:
సర్టిఫికెట్ మాట ఒప్పుకుంటాను. అయినా ఫ్యాక్టరీలో మొత్తం ఫర్మ్‌వేర్ ఎందుకు? ఫోన్ నుంచి కొత్త ఇమేజ్ ఎక్కించుకునే చిన్న వైఫై హాట్‌స్పాట్ ప్రోగ్రామ్ చాలు, దానికి సర్వరే అక్కర్లేదు. 768 కేబీ ఇచ్చినా, మీ రెండు 1536లు పోను ఇంకా 192 ఉంటుంది.

బోరుబావి:
ఇది నాకు తట్టలేదండీ. 192లో ఎన్‌వీఎస్‌కి 64 పోతే లాగ్‌కి 128, వారం రోజులది దాస్తే చాలు నాకు. హాట్‌స్పాట్ ప్రోగ్రామ్ 768లో ఇమిడితే ఇదే, లేదంటే తీగలపంట గారి రెండు స్లాట్లు. బిల్డ్ చేసి సైజు ఇక్కడే పెడతాను.