డిప్‌స్టిక్ 60 లీటర్లు చూపితే మామునూరు వెళ్ళి రావచ్చా?

ప్రశ్న (హనుమకొండ, శిక్షణలో ఉన్న పైలట్)

అందరికీ నమస్కారం. సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న శిక్షణ విమానంలో మొదటిసారి ఒంటరిగా దూరప్రయాణం చేయబోతున్నాను. బేగంపేట నుంచి మామునూరు (వరంగల్ దగ్గరి పాత విమానాశ్రయం) మీదికి వచ్చి, దిగకుండా తిరిగి వెళ్ళాలి. ఒక వైపు దూరం 70 నాటికల్ మైళ్ళు. 90 నాట్ల (గంటకు 90 నాటికల్ మైళ్ళ) వేగంతో రానుపోను 93 నిమిషాలు. దానికి 30 నిమిషాల నిల్వ (ఆపద కోసం ఉంచుకునే పెట్రోలు) కలిపితే 123. గంటకు 24 లీటర్లు తాగుతుంది కాబట్టి డిప్‌స్టిక్ (ట్యాంకులో ముంచి పెట్రోలు కొలిచే పుల్ల) చూపే 60 లీటర్లకు 150 నిమిషాలు. ఇంకా 27 నిమిషాలు మిగులుతున్నాయి కదా, చాలదా? మరో సందేహం: గత వారం గేజి పావు చూపింది, దిగాక డిప్‌స్టిక్ పెడితే అంతకన్నా బాగా తక్కువ ఉంది. దేన్ని నమ్మాలి?

జవాబు (కాజీపేట, విశ్రాంత శిక్షకుడు)

బాబూ, ఎగరకముందే అడిగావు, చాలా సంతోషం. నీ 27 నిమిషాలు ఎక్కడికి పోతాయో చూడు.

సెస్నా 152 మామూలు ట్యాంకుల్లో మొత్తం 98 లీటర్లు పడతాయి. అందులో సుమారు 6 లీటర్లు ఇంజనుకు అందవు. మీ డిప్‌స్టిక్ గుర్తులు మొత్తం పెట్రోలుకు పెట్టినవైతే నీ దగ్గర ఉన్నది 54 లీటర్లే. అక్కడే 15 నిమిషాలు పోయాయి. స్టార్ట్ చేసి, టాక్సీ చేసి (నేల మీద రన్‌వే దాకా నడిపి), టేకాఫ్ అయ్యేసరికి 3 లీటర్లు, అంటే మరో 7 లేక 8 నిమిషాలు. ఇక గాలి. వానాకాలంలో పైన పడమటి గాలి బలంగా ఉంటుంది. 20 నాట్లు అనుకుందాం. మామునూరుకు 38 నిమిషాల్లో చేరిపోతావు, సంబరంగా ఉంటుంది. తిరుగు ప్రయాణానికి గంట పడుతుంది. వెళ్ళేటప్పుడు మిగిలిన సమయం వచ్చేటప్పుడు పోయే సమయానికి ఎప్పుడూ సరిపోదు, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం. మొత్తం 98 నిమిషాలు, అంటే మరో 5 ఖర్చు. పదిహేను, ఎనిమిది, ఐదు కలిపితే 28. నీ దగ్గర మిగులు లేదు, ఒక నిమిషం అప్పు కూడా ఉంది. మేఘం తప్పించుకోవడానికి పక్కకు వెళ్ళడం, బేగంపేట దగ్గర వరుసలో ఆగమనడం నేనింకా లెక్కలో వేయనే లేదు.

ఆ 30 నిమిషాల నిల్వ పగటి ప్రయాణానికి కనీసం, రాత్రికి 45. దాన్ని తాకకుండా దిగాలి. తాకక తప్పదని తెలిసిన క్షణాన మొహమాటపడకుండా ‘మేడే ఫ్యూయల్’ అని మూడు మేడేలతో (మేడే అంటే ప్రాణాపాయంలో ఉన్నామని రేడియోలో చెప్పే మాట) చెప్పాలి. 1990లో న్యూయార్క్ దగ్గర కూలిన ఏవియాంకా విమానం సిబ్బంది పెట్రోలు అయిపోతోందని చెప్పారు గాని అత్యవసరం అనే మాట వాడలేదు. 73 మంది చనిపోయారు. ఆ సంగతి చెప్పకుండా నేనెప్పుడూ ఏ విద్యార్థినీ ఒంటరిగా పంపలేదు.

జవాబు (కరీంనగర్, విమాన మెకానిక్)

గేజి గురించి నేను చెబుతాను. ట్యాంకులో తేలే బెండు కదిలితే ముల్లు కదులుతుంది, అంతే. గాలి కుదుపులకు, మలుపులకు అది ఊగుతుంది. డిప్‌స్టిక్‌నే నమ్మండి, అదీ చదునైన నేల మీద. ఒక రెక్క పల్లంలో ఉంటే రెండు ట్యాంకుల కొలతా తప్పుతుంది. మూత మీరే బిగించండి. ఎగురుతున్నప్పుడు రెక్క పైభాగంలో ఒత్తిడి తక్కువ, వదులు మూత లోంచి పెట్రోలు పైకి లాగేసుకుంటుంది. రోహిణి కార్తెలో పొద్దున నిండుగా నింపి మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెడితే వ్యాకోచించి గాలి గొట్టం లోంచి కారిపోతుంది. అప్పుడు మళ్ళీ కొలవాలి. కింది డ్రెయిన్ నుంచి గాజు గ్లాసులోకి తీసి పెట్రోలు నీలం రంగులోనే ఉందా, అడుగున నీటి బుడగ ఉందా అని చూడటం మరవకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు సార్. అందని 6 లీటర్ల సంగతి నాకు తట్టలేదు. నిండుగా పోయిస్తే బరువు ఎక్కువవుతుందా? మామునూరులో దిగి పోయించుకునే వీలు ఉంటుందా?

జవాబు (కాజీపేట)

మామునూరులో రాకపోకలు 1981లోనే ఆగిపోయాయి. దాన్ని పెట్రోలు దొరికే చోటుగా ఎప్పుడూ రాయకు. బరువంటావా, వాడుకోగల 92 లీటర్లూ 66 కిలోలే. విమానం పరిమితి 757 కిలోలు. ఇద్దరు కూర్చున్నప్పుడు ట్యాంకు తగ్గించక తప్పదు గాని నువ్వు ఒక్కడివే. బరువు లెక్క వేసి చూసుకుని నిండుగా పోయించు. గంటకు 24 లీటర్లు అనేది మిక్స్చర్ (ఇంజనులోకి పోయే గాలి, పెట్రోలు మిశ్రమం) సరిగా పల్చన చేసినప్పటి మాట, మరిచిపోతే అంతకన్నా చాలా ఎక్కువ తాగుతుంది.

కాగితం మీద భువనగిరి గుట్టకు, జనగామ స్టేషనుకు చేరాల్సిన సమయాలు రాసుకో. అక్కడికి నిజంగా చేరిన సమయం పక్కనే రాయి. ఆ రెండింటి తేడా ఆ రోజు గాలి ఎంతో చెబుతుంది. జనగామకు అనుకున్నదానికంటే ముందే చేరావంటే తిరుగు ప్రయాణం పెరిగినట్టే. అక్కడే ఆ లెక్క మళ్ళీ వేసి, బేగంపేటలో నిల్వతో దిగలేనని తేలితే మామునూరు చూడకుండానే వెనక్కి తిప్పు.