అమ్మ కంట్లో ఉన్నట్టుండి నల్ల చుక్కలు, మెరుపులు. సోమవారం దాకా ఆగొచ్చా?

నీలవేణి:
అమ్మకి 61 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ మైనస్ 8 పవర్ అద్దాలు. నిన్న సాయంత్రం నుంచి కుడికంట్లో నల్ల చుక్కలు, సాలెగూడు పోగుల్లాంటివి తేలుతున్నాయంటోంది. రాత్రి లైటు తీశాక కంటి పక్కన మెరుపులు కూడా వచ్చాయట. నొప్పి లేదు, ఎరుపు లేదు, పేపరు చక్కగా చదువుతోంది. "వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలే, హడావిడి చేయకు" అంటోంది. ఎప్పుడూ చూసే డాక్టరుగారు సోమవారం వస్తారు. ఈలోగా ఏవైనా చుక్కల మందు వేయొచ్చా?

కొండగాలి:
మా నాన్నగారికీ ఇలాగే వచ్చాయండి. కంటిలోపలి జెల్ వయసుతో వదులవుతుందని చెప్పి పంపించేశారు. మెల్లగా అలవాటైపోయాయి. కంగారు పడకండి.

చూపు_పరీక్ష:
నీలవేణి గారూ, నేను కంటి ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. సోమవారం దాకా ఆగొద్దు. ఇవాళే తీసుకెళ్లండి.

కొండగాలి గారు చెప్పింది నిజమే. చాలామందిలో ఇది జెల్ రెటీనా (కంటి లోపల వెనకవైపు, వెలుగును పట్టే పలచని పొర) నుంచి విడిపోవడమే, దానికి మందు కూడా అక్కర్లేదు. అయితే వాళ్ల నాన్నగారిని పరీక్ష చేశాకే కదా అలా చెప్పి పంపారు! ఆ జెల్ విడిపోతూ కొందరిలో రెటీనాని లాగి చింపుతుంది. మొదట్లో రెండింటికీ లక్షణాలు ఒకటే: చుక్కలు, మెరుపులు. ఇంట్లో కూర్చుని తేడా చెప్పడం ఎవరి వల్లా కాదు, నా వల్ల కూడా కాదు. కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు వేసి, రెటీనా అంచుల దాకా చూస్తేనే తెలుస్తుంది. మీ అమ్మగారిలా మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లకి రెటీనా పలచగా ఉంటుంది, చిరిగే అవకాశం ఎక్కువ. శుక్లం ఆపరేషన్ అయినవాళ్లూ, కంటికి దెబ్బ తగిలినవాళ్లూ అంతే.

"నొప్పి లేదు కదా" అన్న మాట వింటే నాకు భయమేస్తుంది. రెటీనాకి నొప్పి తెలియదు. చిరిగినా, పూర్తిగా ఊడినా మనిషికి నొప్పి రాదు. అందుకే జనం ఆగిపోతారు. కంటి విషయంలో నేను ముందు అడిగేది ఎంత నొప్పి అని కాదు, ఎంత ఉన్నట్టుండి వచ్చింది అని.

పేపరు చదవగలుగుతున్నారంటే రెటీనా మధ్యభాగం, అంటే మాక్యులా, ఇంకా బాగుందని అర్థం. తొందరపడాల్సింది సరిగ్గా ఇప్పుడే. చిరుగు మాత్రమే ఉంటే చుట్టూ లేజర్‌తో అతికించి చాలావరకు అదే రోజు ఇంటికి పంపిస్తారు. ఆ చిరుగులోంచి నీరు లోపలికి చేరితే గోడమీది తడికాగితంలా రెటీనా ఊడి వస్తుంది, అప్పుడు ఆపరేషనే. మాక్యులా కూడా ఊడాక ఆపరేషన్ బాగా జరిగినా చూపు మునుపటిలా రాకపోవచ్చు.

చుక్కల మందులేవీ వేయకండి, దీనికి పనిచేయవు. ఒక్క పని చేయండి: ఎడమకన్ను మూయించి, కుడికంటితో నిటారుగా మీ ముక్కునే చూడమనండి. నాలుగు మూలలా మీ వేళ్లు కనిపిస్తున్నాయా, ఎక్కడైనా నీడ, తెర అడ్డుగా ఉందా అని అడగండి. రెండు కళ్లూ తెరిచి ఉంటే బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది.

నీలవేణి:
చేయించానండి. ముక్కు వైపు, కింద మూలలో బూడిదరంగు నీడ ఉందట. పొద్దున లేచినప్పటి నుంచీ ఉందట, నాకు చెప్పలేదు!

చూపు_పరీక్ష:
ఇప్పుడే బయల్దేరండి. రెటీనా డాక్టరు ఉన్న చోటికి ఫోన్ చేసి "చుక్కలు, మెరుపులు, ఇప్పుడు నీడ" అని ఇవే మాటల్లో చెప్పండి. వాడే మందుల చీటీ, ముఖ్యంగా రక్తం పలచబరిచేవి ఉంటే, పట్టుకెళ్లండి. ఇవాళే ఆపరేషన్ పెట్టొచ్చు, కాబట్టి వాళ్లు చెప్పేదాకా ఏమీ తినిపించకండి. షుగరుంటే ఆ సంగతి ఫోన్‌లోనే అడగండి.

మధుమతి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మావారికి మొన్న ఒక కన్ను కొద్ది నిమిషాలు చీకటి కమ్మి, మళ్లీ మామూలైపోయింది. తగ్గిపోయింది కదా, చూపించాలా?

చూపు_పరీక్ష:
చూపించాలి మధుమతి గారూ, ఇవాళే. ఇది కంటి కంటే రక్తనాళాల సమస్య కావచ్చు. మెడలోని నాళం నుంచో గుండె నుంచో చిన్న గడ్డ వచ్చి, కాసేపు అడ్డుపడి కదిలిపోతే ఇలా అవుతుంది. పక్షవాతానికి ముందస్తు హెచ్చరిక అన్నమాట. పక్షవాతానికి చికిత్స చేసే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. మళ్లీ చీకటి కమ్మి చూపు తిరిగి రాకపోతే అంబులెన్సు పిలవండి, రక్తం అందని రెటీనా కొద్ది గంటల్లోనే దెబ్బతింటుంది. ఆయనకి 50 దాటి, కణతల దగ్గర కొత్తగా తలనొప్పి, నమిలేటప్పుడు దవడనొప్పి ఉంటే అది తప్పక చెప్పండి. రక్తనాళాల వాపు ఒకటుంది, స్టెరాయిడ్ ఆలస్యమైతే రెండో కన్నూ పోవచ్చు.

ఇది చదివేవాళ్లందరికీ ఇంకొకటి: కన్ను ఎర్రబడి, దీపాల చుట్టూ రంగుల వలయాలు, భరించలేని నొప్పి, వాంతులు ఉంటే కడుపు మందులతో సరిపెట్టొద్దు. కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగినా ఇలాగే ఉంటుంది.

నీలవేణి:
చూశారండి. పైభాగంలో రెటీనా ఊడింది, మాక్యులా ఇంకా అతుక్కునే ఉందట. రేపు పొద్దున్నే ఆపరేషన్, లోపల గ్యాస్ నింపుతామన్నారు. వచ్చేవారం మా అన్నయ్య దగ్గరికి విమానంలో వెళ్లాల్సి ఉంది, వెళ్లొచ్చా?

చూపు_పరీక్ష:
టికెట్ రద్దు చేయించండి. ఎత్తుకి వెళ్తే ఆ గ్యాస్ వ్యాకోచించి కంట్లో ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అది పూర్తిగా కరిగిందని డాక్టరు చెప్పేదాకా విమానం వద్దు, కొండ ప్రయాణాలూ వద్దు. ఈలోగా వేరే దేనికైనా మత్తు ఇవ్వాల్సివస్తే కంట్లో గ్యాస్ ఉందని ముందే చెప్పాలి. తల ఏ వైపు పెట్టి పడుకోవాలో రాయించుకోండి. ఎడమకంటి రెటీనా కూడా చుక్కలు వేసి చూశారా, లేదా? చూడకపోతే రేపు అడగండి.